భర్త స్వీడన్ పౌరుడు, ఉద్యోగం నెదర్లాండ్స్‌లో: భార్యకు పని హక్కు ఎప్పటి నుంచి?

ప్రశ్న: మాది గుంటూరు. పోయిన ఏడాది విజయవాడలో పెళ్లయింది. మావారు తెలుగువారే. చాలా ఏళ్లుగా స్టాక్‌హోంలో ఉండి స్వీడన్ పౌరసత్వం తీసుకున్నారు. ఇప్పుడు ఆయనకు నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో పర్మనెంట్ ఉద్యోగం వచ్చింది, రెండు నెలల్లో చేరాలి. నాకు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో నాలుగేళ్ల అనుభవం ఉంది. అక్కడి రెండు కంపెనీలు ఇంటర్వ్యూ దాకా వచ్చి, ‘వర్క్ పర్మిట్ స్పాన్సర్ చేయలేం’ అని ఆగిపోయాయి. ఇక్కడేమో ఒక కన్సల్టెన్సీ వాళ్లు డిపెండెంట్ వీసా, దాని మీద వర్క్ పర్మిట్ ఇప్పిస్తామని మూడు లక్షలు అడుగుతున్నారు. డచ్ భాష పరీక్ష కూడా రాయాలంటున్నారు. అసలు నాకు పనిచేసే హక్కు ఎప్పుడు, ఎలా వస్తుంది? నా పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, మ్యారేజ్ సర్టిఫికెట్‌లో మాత్రం ఇంటిపేరుతో సహా రాశారు. అది అడ్డమవుతుందా?
– ఒక పాఠకురాలు

సమాధానం: ముందుగా ఆ మూడు లక్షలు కట్టకండి. మీకు వర్క్ పర్మిట్ అక్కర్లేదు, స్పాన్సర్ అక్కర్లేదు, డచ్ పరీక్ష అంతకన్నా అక్కర్లేదు. అక్కర్లేని పర్మిట్‌ను ఇప్పిస్తామంటున్నారంటే వాళ్లకు మీ కేసు ఏ చట్టం కిందికి వస్తుందో తెలియదు, లేదా తెలిసీ చెప్పడం లేదు.

మీకు వర్తించేది డచ్ వలస చట్టంలోని మామూలు దారి కాదు. యూరోపియన్ యూనియన్ 2004లో చేసిన 38వ నంబరు డైరెక్టివ్, అంటే సభ్య దేశాలన్నీ పాటించాల్సిన ఉమ్మడి చట్టం. యూనియన్ పౌరుడు తన సొంత దేశం కాని మరో సభ్య దేశానికి వెళ్లి అక్కడ ఉద్యోగం చేస్తుంటే, అతని భార్య ఏ దేశస్థురాలైనా సరే అతనితో అక్కడ ఉండవచ్చు. అందులోని 23వ అధికరణం ప్రకారం ఉద్యోగమూ చేయవచ్చు, సొంత వ్యాపారమూ పెట్టుకోవచ్చు. ఈ హక్కు చట్టం నుంచే నేరుగా వస్తుంది. తర్వాత ఇచ్చే నివాస కార్డు హక్కును పుట్టించదు, ఉన్న హక్కుకు రుజువుగా ఉంటుంది. ఈ ఒక్క సంగతి మనసులో పెట్టుకుంటే దారిలో ఎదురయ్యే సగం గందరగోళం తేలిపోతుంది.

‘సొంత దేశం కాని’ అన్న మాటే ఇక్కడ కీలకం. మీవారు స్వీడన్‌లోనే ఉండి మిమ్మల్ని అక్కడికి పిలిపించుకుంటే ఈ డైరెక్టివ్ వర్తించదు, స్వీడన్ సొంత చట్టం వర్తిస్తుంది. అలాగే ఆయన డచ్ పౌరుడై ఐండ్‌హోవెన్‌లో ఉంటే మీకు ఎంవీవీ అనే దీర్ఘకాల వీసా కావాలి, ఆయన జీతం ఒక స్థాయికి తగ్గకూడదు, మీరు ఇండియాలో ఉండగానే డచ్ భాష ప్రాథమిక పరీక్ష పాసవ్వాలి. కన్సల్టెన్సీ వాళ్లు చెప్పిన పరీక్ష అదే. డచ్ వ్యక్తి భార్యకు డచ్ దేశంలో ఉన్న షరతులు స్వీడన్ వ్యక్తి భార్యకు లేకపోవడం వింతగానే ఉంటుంది కానీ చట్టం అలాగే ఉంది. అందుకే కొందరు డచ్ పౌరులు కొంతకాలం బెల్జియంలో కాపురం పెట్టి, భార్యతో తిరిగి వస్తారు. ఆ దారి తెరిచింది ఒక భారతీయుడి కేసే. సురీందర్ సింగ్ తన బ్రిటిష్ పౌరురాలైన భార్యతో 1983 నుంచి 1985 దాకా జర్మనీలో పనిచేసి బ్రిటన్‌కు తిరిగి వెళ్లారు. అలా తిరిగొచ్చిన కుటుంబానికి యూరప్ చట్టం కిందే హక్కు ఉంటుందని 1992లో యూరోపియన్ కోర్టు తీర్పు చెప్పింది. మీకు ఆ చుట్టుదారి అవసరం లేదు, మీవారు ఇప్పటికే దేశం దాటుతున్నారు.

ఇప్పుడు వీసా. మీరు అడగాల్సింది షెంగెన్ (మధ్యలో సరిహద్దు తనిఖీలు లేని యూరప్ దేశాల కూటమి) స్వల్పకాల వీసా, ‘యూరోపియన్ యూనియన్ పౌరుడి కుటుంబ సభ్యురాలు’ అనే కేటగిరీలో. దరఖాస్తు ఫారంలో ఆ గడి విడిగా ఉంటుంది, తప్పకుండా టిక్ పెట్టండి. టూరిస్టు అనో, డిపెండెంట్ అనో పెడితే ఫైలు వేరే దారిలో పడుతుంది, దాన్ని వెనక్కి లాగడం కష్టం. ఈ వీసాకు ఫీజు లేదు. వీసా కేంద్రం తన సర్వీసు ఛార్జీ అడగవచ్చు కానీ వీసా ఫీజు తీసుకోకూడదు. కావాల్సిన కాగితాలు నిజానికి కొన్నే: మీ పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, ఆయన స్వీడన్ పాస్‌పోర్టు కాపీ, ఆయన నెదర్లాండ్స్‌లో ఉంటున్నారనో మీతో కలిసి వెళ్తున్నారనో చూపే ఆధారం. ఉద్యోగ ఒప్పందం, టికెట్, ఆయన సంతకంతో ఒక చిన్న ఉత్తరం సరిపోతాయి. బ్యాంకు బ్యాలెన్సు, హోటల్ బుకింగ్, ప్రయాణ బీమా, తిరుగు టికెట్ ఈ కేటగిరీలో అడగకూడదు. కౌంటర్లో ఉన్న ఉద్యోగికి ఈ తేడా తెలియక ‘లిస్టులో ఉన్నవన్నీ తేవాలి’ అని పంపేస్తే, వాదన పెట్టుకోకుండా డైరెక్టివ్ 5వ అధికరణం ప్రింటు జతచేసి, దరఖాస్తు ఉన్నది ఉన్నట్టు తీసుకొమ్మని రాతపూర్వకంగా అడగండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేసుకోవచ్చు కాబట్టి ఆయన చేరేదాకా ఆగాల్సిన పనిలేదు. కానీ ఆయన కన్నా ముందు మీరు ఒక్కరే వెళ్లడానికి వీల్లేదు. మీ హక్కు ఆయన అక్కడ ఉండటం మీద ఆధారపడింది, కలిసి వెళ్లాలి లేదా ఆయన వెనక వెళ్లాలి.

‘తొంభై రోజుల వీసా మీద వెళ్లి అక్కడే ఉండిపోతే చట్టవిరుద్ధం కాదా?’ అన్న భయం దాదాపు అందరికీ ఉంటుంది. కాదు. ఈ వీసా పని మిమ్మల్ని సరిహద్దు దాటించడం వరకే. తర్వాత మీరు ఉండేది డైరెక్టివ్ కింద, వీసా కింద కాదు. వెనక్కి వచ్చి మరో వీసా తీసుకోమని ఎవరైనా చెబితే నమ్మకండి.

పేరు సంగతి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. తెలుగువాళ్ల కాగితాలు ఎక్కువగా ఆగేది ఇక్కడే. ఇంటిపేరు ఒక కాగితంలో మొదట, ఇంకోదానిలో చివర, మరోదానిలో ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడి ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. మనకు అది ఒకే మనిషి అని చూడగానే తెలుస్తుంది. డచ్ మునిసిపాలిటీలో జనాభా నమోదు చేసే ఉద్యోగికి అవి ఇద్దరు మనుషులు. పైగా పాస్‌పోర్టులో ఎలా ఉందో అలాగే ఎక్కే అవకాశం ఉంది. అక్కడి నుంచి ఆ పేరే బ్యాంకుకు, బీమాకు, పన్ను శాఖకు, జీతం స్లిప్పుకు పాకుతుంది. అందుకని బయల్దేరేముందే ఇంటిపేరు గడి నింపి పాస్‌పోర్టు రీఇష్యూ చేయించుకోండి. మ్యారేజ్ సర్టిఫికెట్‌లో ఉన్న స్పెల్లింగే ఒక్క అక్షరం తేడా లేకుండా పెట్టించండి. రెండు నెలలే ఉన్నాయి కనుక మొదట చేయాల్సిన పని ఇదే. వీసా స్టిక్కరు కొత్త పాస్‌పోర్టులోనే పడాలి. ఏ కారణంగానైనా రీఇష్యూ కుదరకపోతే, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి, దానికీ అపోస్టిల్ (మన కాగితం అసలైనదేనని విదేశాల్లో చూపడానికి విదేశాంగ శాఖ వేసే ముద్ర) వేయించుకోండి. ఇది రెండో ఉపాయమే, కొన్ని మునిసిపాలిటీలు ఒప్పుకుంటాయి, కొన్ని నసుగుతాయి.

మ్యారేజ్ సర్టిఫికెట్ అంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చినది. కల్యాణ మండపం రసీదు, దేవస్థానం ఇచ్చిన పత్రం పనికిరావు. దాని మీద మొదట రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ, తర్వాత విదేశాంగ శాఖ అపోస్టిల్ ఉండాలి. ఈ క్రమం తప్పితే విదేశాంగ శాఖ వెనక్కి పంపుతుంది. హైదరాబాద్‌లో విదేశాంగ శాఖ బ్రాంచి సెక్రటేరియట్ ఉంది కాబట్టి ఢిల్లీ దాకా వెళ్లక్కర్లేదు. సర్టిఫికెట్ ఇంగ్లిషులో ఉంటే నెదర్లాండ్స్‌లో అనువాదం అడగరు. మునిసిపాలిటీలు జనన ధ్రువపత్రం కూడా అడుగుతాయి. మన దగ్గర పాత పత్రాల్లో పాప పేరు గడి ఖాళీగా వదిలేసినవి చాలా ఉంటాయి. మీది తీసి చూసుకోండి. ఖాళీగా ఉంటే పుట్టిన ఊరి మునిసిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించి, కొత్త కాపీకి అపోస్టిల్ వేయించండి. ఈ పనులు గుంటూరులో ఉండి చేసుకుంటే వారాల్లో తెములుతాయి, ఐండ్‌హోవెన్ నుంచి నాన్నగారి చేత చేయించాలంటే నెలలు పడుతుంది.

అక్కడ దిగాక మొదటి మజిలీ మునిసిపాలిటీ. ఐదు రోజుల్లోపు నమోదుకు వెళ్లాలి, అపాయింట్‌మెంట్ ఇక్కడి నుంచే పెట్టుకోండి. నమోదైతే బీఎస్‌ఎన్ అనే పౌర సంఖ్య వస్తుంది. అది లేకుండా జీతం సరిగా పడదు. బీఎస్‌ఎన్, గుర్తింపు పత్రం ఇవ్వని ఉద్యోగికి కంపెనీ 52 శాతం పన్ను కోయాలి. ఇక్కడ దెబ్బతీసేది అద్దె ఇల్లు. కొన్ని ఇళ్లకు ‘ఈ చిరునామాలో నమోదు కుదరదు’ అనీ, ‘ఒక్కరికే’ అనీ షరతు ఉంటుంది. మీవారు ఇల్లు ఖాయం చేసేముందే ఇద్దరికీ నమోదు కుదురుతుందని ఒప్పందంలో రాయించుకోవాలి. మొదటి నెల సర్వీస్ అపార్ట్‌మెంట్ అయినా సరే, ఇదే మాట అడగాలి.

రెండో మజిలీ ఐఎన్‌డీ, అంటే వలస వ్యవహారాల శాఖ. మీవారు అక్కడ నమోదు చేసుకోవాల్సిన పనిలేదు, యూరప్ పౌరులకు మునిసిపాలిటీ నమోదే చాలు. మీరు ‘యూరప్ చట్టం ప్రకారం పరిశీలన’ కోరే దరఖాస్తు పెట్టాలి. పాస్‌పోర్టు, మ్యారేజ్ సర్టిఫికెట్, ఆయన పాస్‌పోర్టు, ఉద్యోగ ఒప్పందం, కంపెనీ ఇచ్చే ఉద్యోగ ధ్రువీకరణ, వచ్చి ఉంటే జీతం స్లిప్పులు జతచేస్తారు. రుసుము డచ్ పౌరులు ఐడీ కార్డుకు కట్టే మొత్తాన్ని మించకూడదని డైరెక్టివే చెబుతోంది. ఆయనది నిజమైన ఉద్యోగమా, పేరుకు రెండు మూడు గంటల పనా అని చూస్తారు. పూర్తికాలపు ఉద్యోగం కాబట్టి మీకు ఆ బెంగ లేదు.

దరఖాస్తు పెట్టినప్పుడు పాస్‌పోర్టులో స్టిక్కరు వేయించుకోండి. మీ ప్రశ్నకు అసలు జవాబు ఆ స్టిక్కరే. ‘పని స్వేచ్ఛగా చేయవచ్చు, వర్క్ పర్మిట్ అవసరం లేదు’ అని దాని మీద డచ్‌లో ఉంటుంది. కార్డు రావడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు, చట్టం ఇచ్చిన గడువే అది. అన్నాళ్లూ ఇంట్లో కూర్చోనక్కర్లేదు, స్టిక్కరు పడిన మర్నాడే ఉద్యోగంలో చేరవచ్చు. చట్టం మాట తీసుకుంటే స్టిక్కరుకు ముందే హక్కు ఉంది, కానీ విదేశీయులను పర్మిట్ లేకుండా పెట్టుకున్న కంపెనీకి డచ్ కార్మిక తనిఖీ శాఖ భారీ జరిమానా వేస్తుంది కనుక ఏ హెచ్‌ఆర్ కూడా స్టిక్కరు చూడకుండా ముందుకు రాదు. వాళ్ల భయం న్యాయమైనదే. కాబట్టి ఐఎన్‌డీ అపాయింట్‌మెంట్ ఎంత తొందరగా దొరికితే అంత తొందరగా తీసుకోండి, ‘మూడు నెలల్లోగా పెట్టొచ్చులే’ అని ఆగకండి.

మీకు ‘స్పాన్సర్ చేయలేం’ అన్న కంపెనీలకు మళ్లీ రాయండి. వాళ్లు మిమ్మల్ని హైలీ స్కిల్డ్ మైగ్రెంట్ అనే దారిలో లెక్కగట్టారు. ఆ దారిలో కంపెనీకి ఐఎన్‌డీ గుర్తింపు ఉండాలి, కనీస జీతం పరిమితి ఉంటుంది. మీకు ఆ రెండూ వర్తించవు. సీవీలో మొదటి పేజీ పైనే ఒక వాక్యం రాయండి: యూరోపియన్ యూనియన్ పౌరుడి భార్యగా 2004/38 డైరెక్టివ్ కింద నెదర్లాండ్స్‌లో పనిచేసే హక్కు ఉంది, స్పాన్సర్‌షిప్ గానీ వర్క్ పర్మిట్ గానీ అవసరం లేదు. ఆన్‌లైన్ దరఖాస్తుల్లో ‘స్పాన్సర్‌షిప్ కావాలా’ అన్న ప్రశ్నకు ‘వద్దు’ అనే పెట్టండి, అది అబద్ధం కాదు.

ఇంకో డబ్బు సంగతి, చాలామంది జారవిడుచుకునేది. విదేశం నుంచి తీసుకున్న నిపుణులకు జీతంలో 30 శాతం దాకా పన్ను లేకుండా ఇచ్చే రాయితీ ఒకటి ఉంది, 2027 నుంచి అది 27 శాతానికి తగ్గుతుంది. దానికి జీతం ఒక స్థాయికి తగ్గకూడదు, మనిషిని విదేశం నుంచి నియమించి ఉండాలి. భర్తతో వెళ్లి స్థిరపడ్డాక అక్కడ ఉద్యోగం వెతుక్కుంటే ‘విదేశం నుంచి నియామకం’ కిందికి రారు. గుంటూరులో ఉండగానే ఒప్పందం మీద సంతకం పడితే అడిగే వీలుంటుంది. ఇంటర్వ్యూ దాకా వచ్చిన కంపెనీలు రెండు ఉన్నాయి కనుక, బయల్దేరేముందు గట్టిగా ప్రయత్నించండి. దరఖాస్తు ఉద్యోగంలో చేరిన నాలుగు నెలల్లోపు పెడితేనే మొదటి రోజు నుంచి లెక్కిస్తారు.

టెస్టింగ్ ఉద్యోగానికి డిగ్రీ గుర్తింపు అవసరం లేదు. డాక్టర్లు, నర్సులు, ఫార్మసిస్టులకు మాత్రం పని హక్కు వేరు, వృత్తి రిజిస్ట్రేషన్ వేరు. ఈ జవాబు చదివి అదే దారిలో వెళ్లాలనుకునేవారు అది గుర్తుంచుకోవాలి. ఆరోగ్య బీమా నాలుగు నెలల్లోపు తీసుకోవాలి, ఆ గడువులో ఎప్పుడు తీసుకున్నా ప్రీమియం మొదటి నుంచీ కట్టాల్సిందే. పెద్దవాళ్లకు ఎవరి ప్రీమియం వారిదే.

మీది పెద్దలు కుదిర్చిన పెళ్లే అయి ఉండవచ్చు, చూపుల నుంచి ముహూర్తానికి రెండు మూడు నెలలే గడువు, ఆ తర్వాత దూరంగా ఉండి ఉంటారు. ఇలాంటప్పుడు ఐఎన్‌డీకి ‘కాగితం పెళ్లి’ అన్న అనుమానం వస్తే విడివిడిగా ప్రశ్నలు అడగవచ్చు. పెద్దలు కుదిర్చిన పెళ్లి బూటకపు పెళ్లి కాదు, ఆ భేదం వాళ్లకూ తెలుసు. పెళ్లి ఫోటోలు, శుభలేఖ, ఆయన ఇండియా వచ్చిన టికెట్లు, ఒకరికొకరు పంపుకున్న డబ్బు వివరాలు ఒక ఫైలులో ఉంచుకోండి. అడిగితే ఇవ్వండి, అడగకపోతే దరఖాస్తును లావు చేయకండి.

కార్డు మామూలుగా ఐదేళ్లకు ఇస్తారు. అది చేతికొచ్చాక షెంగెన్ దేశాలకు వీసా లేకుండా తిరగవచ్చు. కానీ నివాసం, ఉద్యోగం నెదర్లాండ్స్‌కే. రేపు ఆయన మ్యూనిక్‌కు మారితే మీరు అక్కడ కొత్తగా దరఖాస్తు పెట్టాలి. పైగా జర్మనీ ఇండియా అపోస్టిల్‌ను ఒప్పుకోదు, కాగితాల తనిఖీ వేరే పద్ధతిలో జరుగుతుంది. కార్డు రాకముందు వీసా గడువు అయిపోయి ఉంటే ఇండియాకు రాకండి. స్టిక్కరు దేశంలోకి తిరిగి ప్రవేశించే పత్రం కాదు, మళ్లీ వీసా కోసం ఇక్కడ కూర్చోవాల్సి వస్తుంది.

కార్డు వచ్చాక ఏడాదిలో ఆరు నెలలకు మించి బయట ఉండకూడదు. పురుటికి పుట్టింటికి రావాలనుకుంటే దానికి మినహాయింపు ఉంది: గర్భం, ప్రసవం, తీవ్ర అనారోగ్యం వంటి కారణాలకు ఒకసారి వరుసగా పన్నెండు నెలల దాకా అనుమతిస్తారు. ఆసుపత్రి కాగితాలు దాచుకోండి, ఐదేళ్ల తర్వాత శాశ్వత నివాసం అడిగేటప్పుడు చూపాలి. శాశ్వత నివాసం వచ్చాక మీ హక్కు మీవారి ఉద్యోగంతో ముడిపడి ఉండదు.

అప్పటిదాకా ముడిపడే ఉంటుంది కాబట్టి ఇది కూడా తెలిసి ఉండాలి. ఆయన ఉద్యోగం తన తప్పు లేకుండా పోతే, ఉపాధి సంస్థలో పేరు నమోదు చేసుకోవాలి. ఏడాదికి పైగా పనిచేసి ఉంటే ఉద్యోగి హోదా నిలుస్తుంది, అంతకన్నా తక్కువైతే కనీసం ఆరు నెలలు నిలుస్తుంది. తనంత తానే రాజీనామా చేసి ఊరుకుంటే ఈ రక్షణ ఉండదు. విడాకుల విషయంలో పెళ్లయి మూడేళ్లు, అందులో ఒక ఏడాది నెదర్లాండ్స్‌లో గడిచి ఉంటే మీ హక్కు మీకు మిగులుతుంది. గృహహింస ఉంటే ఆ గడువు నిండకపోయినా నిలబడే వీలుంది. అయితే గృహహింస లేని మామూలు విడాకుల్లో, కేసు మొదలయ్యేదాకా భర్త ఆ దేశంలోనే ఉండాలి. 2015లో కుల్దీప్ సింగ్ కేసులో యూరోపియన్ కోర్టు చెప్పింది అదే: యూరప్ పౌరురాలైన అతని భార్య ముందే ఐర్లాండ్ వదిలి వెళ్లిపోయి తర్వాత విడాకులకు వెళ్లింది, అతనికి ఈ డైరెక్టివ్ కింద ఉండే హక్కు నిలవలేదు. శుభమా అని బయల్దేరుతుంటే ఈ మాటలెందుకని అనుకోవద్దు, తెలియక నష్టపోయినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే.

దరఖాస్తు తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. అభ్యంతరం దాఖలు చేయడానికి నాలుగు వారాలే గడువు, ఉత్తరం మీది తేదీ మర్నాటి నుంచి లెక్క. ఐఎన్‌డీ గానీ వీసా అధికారులు గానీ యూరప్ చట్టాన్ని పక్కనపెట్టి డచ్ షరతులు అడుగుతుంటే సాల్విట్ అనే యూరోపియన్ సేవకు ఫిర్యాదు చేయవచ్చు. అది ఉచితం, మీవారు స్వీడన్ కేంద్రం ద్వారా పెట్టవచ్చు. కానీ సాల్విట్‌కు రాసినంత మాత్రాన ఆ నాలుగు వారాల గడువు ఆగదు, అభ్యంతరం విడిగా పెట్టాల్సిందే.